చూచువారే ఆడువారు



నాటకమనగానే మనకు రంగస్థలము, తెఱ, దీపములు, వేషధారులు, ఎదుట బారులు తీర్చి కూర్చున్న ప్రేక్షకులు స్ఫురణకు వత్తురు. ఆడువారు ఒకవైపునను, చూచువారు వేఱొకవైపునను ఉందురు. పట్టణములలో ఈ విభాగము స్థిరపడి చాలకాలమైనది. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల సీమలో పుట్టి పెరిగిన మీవంటి పెద్దలకు వేఱొక విధమైన ప్రదర్శనము చిన్ననాటినుండియు తెలియును. అందు తెఱ లేదు, టిక్కెట్టు లేదు. చూడవచ్చినవాడు చూచి ఊరకుండలేడు. పాట నందుకొనును, అడుగు కలుపును, కేకకు కేక యిచ్చును. అతడు రానిచో ఆ ప్రదర్శనము జరుగనే జరుగదు. ఇట్టి కళ మన సీమ చరిత్రలో చేసిన పనిని గూర్చియు, నేడు దానికి వచ్చిన కొఱతను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఈ కళకు ప్రాణమైనదానికి మన భాషలో చక్కని పేరు కలదు. అది ‘వంత’. ఒకడు పాడగా తక్కినవారు అందుకొనుటయే వంత. లోకవ్యవహారమున ఈ మాటకు కొంత చులకన వచ్చినది. ఎదుటివాడు చెప్పినదానికెల్ల తల యూపువానిని వంతపాడువాడని యందుము. కళలో వంత అట్టిది కాదు. బుఱ్ఱకథను తలచుకొనుడు. నడుమ కథకుడు తంబురాను భుజమున నుంచుకొని, వ్రేళ్లకు అందెలు తొడిగి కథను నడుపును. ఇరుప్రక్కల ఇద్దఱు డక్కీలతో నిలుతురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు లోకపు సంగతులను, రాజకీయమును ప్రస్తావించును. కథకుడు ఎక్కడి రాజులనో పొగడుచుండగా వంతవాడు అడ్డుపడి, మన ఊరి సంగతి యేమని ప్రశ్నించును. నిజమునకు అది వినువాని ప్రశ్న. వినువాని పక్షమున కథలో ప్రవేశించి, కథను ఆపి, సమాధానము రాబట్టు నధికారము వంతవానిది.

మన సీమలో ఇంతకంటె పెద్ద వంత యొకటి కలదు. సూర్యాపేటకు సమీపమున, హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి ప్రక్కన, దురాజుపల్లి యొద్ద పెద్దగట్టు కలదు. ఆ గట్టుపై లింగమంతులస్వామికిని, చౌడమ్మకును రెండేండ్లకొకమాఱు మాఘమాసమున ఐదు దినములు జాతర జరుగును. కేసారము గ్రామమునుండి దేవరపెట్టెను తెచ్చుట ఈ జాతరలో ముఖ్యమైన ఘట్టము. యాదవులు గజ్జెల లాగులు తొడిగి, బేరీలు మ్రోగించుచు, ‘ఓ లింగా’ యని ఎలుగెత్తి పిలుచుచు గట్టెక్కుదురు. స్త్రీలు పూజాద్రవ్యముల గంపలను తలకెత్తుకొని నడుతురు. 2023, 2025 సంవత్సరములలో జరిగిన జాతరలకును లక్షల జనము వచ్చినది. తెలంగాణమున మేడారము తరువాత ఇదియే పెద్ద జాతర యని ప్రతీతి. ఇంత జనములో ప్రేక్షకుడెవడు, పాత్రధారి యెవడు? ‘ఓ లింగా’ యని ఒకడు పిలువగా వేయిమంది బదులు పలుకుదురు. బదులు పలికినవాడే మరుక్షణమున పిలుచువాడగును. దీనిని నేర్పు పాఠశాల లేదు. తండ్రి భుజముమీద నెక్కి గట్టునకు వచ్చిన బాలుడు ఇంటికి దిగివచ్చునప్పటికి నేర్చుకొనియుండును.

బతుకమ్మ సంగతియు నిట్టిదే. నడుమ పూలు పేర్చిన బతుకమ్మ, చుట్టును స్త్రీలు. ఒకతె పాట చెప్పును. తక్కినవారు చప్పట్లతో తిరుగుచు, ప్రతి చరణము కొసను ‘ఉయ్యాలో’ యని అందుకొందురు. ఈ అందుకొనుటలో గొప్ప సౌలభ్యము కలదు. పాట అంతయు కంఠస్థము చేయనివారును తొలి దినమే పాటలో చేరగలరు. పాట చెప్పు స్త్రీ క్రొత్త కథ నెత్తుకొన్నను, చుట్టునున్నవారికి చిక్కు లేదు; ‘ఉయ్యాలో’ మాఱదు గదా. మాఱని పల్లవియు మాఱుచున్న చరణమును కలియుటచేతనే ఈ పాటలు తరతరములుగా క్రొత్త సంగతులను మోసుకొని వచ్చినవి.

అయితే ఇచ్చట ఒక విషయమును మఱువరాదు. పదిమంది కలిసి ఆడినంత మాత్రమున అది స్వేచ్ఛ కాజాలదు. నైజాము కాలమున దొరల గడుల ముందు మన స్త్రీలు బతుకమ్మ ఆడవలసివచ్చెడిదని పెద్దలు చెప్పుదురు. పూలు అవియే, పాట అదియే, చప్పట్లు అవియే. కాని రానిచో మఱునాడు ఏమగునో యను వెఱపుతో వచ్చి ఆడిన యాట వెట్టి యగును. మోట కొట్టుట, మూట మోయుట, బట్టలుతుకుట యెట్లు వెట్టియో, ఆటయు అట్లే వెట్టి యగును. కాబట్టి జనము పాలుగొను కళను మనము విలువ కట్టునప్పుడు, ఎందఱు వచ్చిరను లెక్క చాలదు. రాకుండుటకు వీలు కలదా, అడ్డుప్రశ్న వేయుటకు వీలు కలదా యని విచారింపవలెను. ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని 1940 ప్రాంతపు చరిత్రను చూతము.

నాడు సూర్యాపేట, హుజూర్‌నగరు, మిర్యాలగూడెము తాలూకాలు నైజాము రాజ్యమున నల్లగొండ జిల్లాలో నుండెను. రాజభాష ఉర్దూ. పల్లెలలో చదువు వచ్చినవారు మిక్కిలి తక్కువ. సభ జరుపవలెనన్నచో సర్కారు అనుమతి పొందవలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అందులకే పుట్టినది. ఈ సీమ నడుమ మునగాల పరగణా యొక విచిత్రము. సూర్యాపేటనుండి కోదాడకు పోవు దారిలో నున్నను, చుట్టును నైజాము నేల యైనను, అది ఆంగ్లేయుల పాలనలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. అనగా బాటసారి ఒకే దినమున రెండు ప్రభుత్వముల నేలలను త్రొక్కి పోవుచుండెను. అటుపక్క అచ్చుపడిన పుస్తకములు, అటుపక్క జరిగిన సభల వార్తలు ఇటుపక్కకు వచ్చుట కిట్టి సరిహద్దులు తోడ్పడినవి.

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆరంభమైన ఆంధ్ర మహాసభ, 1941లో కోదాడకు సమీపముననున్న చిలుకూరున సమావేశమయ్యెను. రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. భాష, గ్రంథాలయములు, విద్య మొదలగువానితో పయనమారంభించిన ఆ సంస్థలో నాటినుండి వెట్టి, కౌలు, భూమి యను మాటలు బలముగ వినవచ్చెను. అంతకు ముందటి యేడే, 1940 జూలై 27వ తేదీన, కామారెడ్డిగూడెమున తన భూమికై న్యాయస్థానములలో పోరాడి గెలిచిన షేక్ బందగీ హత్య చేయబడెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేల కొరిగెను. అటుపిమ్మట 1951 అక్టోబరులో విరమింపబడువఱకు సాగిన సాయుధ పోరాటము మీలో అనేకుల యిండ్లలో చెప్పుకొను కథయే.

నేను ఇచ్చట చెప్పదలచినది, ఆ కాలమున పాట యే విధముగ పని చేసెనన్న విషయము. పత్రిక చదువలేని ఊరికి వార్త చేరవలెను. సభకు అనుమతి లేనిచోట పదిమంది కూడవలెను. దొర యెదుట తల యెత్తని మనిషి నోరు విప్పి పలుకుటకు అలవాటు పడవలెను. ఈ మూడు పనులను వంతతో కూడిన కళలు చేసినవి.

సుద్దాల హనుమంతుగారిని గూర్చి వినియుందురు. ఆయన క్రొత్త రూపములకై వెదకక, పల్లెలలో అందఱెఱిగిన గొల్లసుద్దులను చేపట్టెను. గొంగడి, చేతికఱ్ఱ, కాలి గజ్జె, ఒకరినొకరు ఎత్తిపొడుచు హాస్యపు మాటలు, నడుమ నడుమ పాట: ఇదియే గొల్లసుద్దుల తీరు. గొల్లవారు మందలను గూర్చియు దేవతలను గూర్చియు చెప్పుకొను ఆ తీరులో ఆయన వెట్టిని, నాగును, దొరతనమును చెప్పించెను. పసులగాచు బాలుని కష్టమును గూర్చి ఆయన వ్రాసిన పాట నేటికిని జనము నోట నున్నది. రూపము పాతది గనుక వినువారు బెదరలేదు. సంగతి తమది గనుక నవ్వుచు నవ్వుచునే ఆలోచనలో పడిరి.

మల్లు స్వరాజ్యముగారిది సూర్యాపేట తాలూకాలోని కరివిరాల కొత్తగూడెము. ఆమె 1931లో భూస్వామి కుటుంబమున జన్మించియు, కూలి స్త్రీల పక్షమున నిలిచెను. తరువాత తుపాకి పట్టి దళమున పనిచేసెను. 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 2022 మార్చి 19వ తేదీన పరమపదించెను. ఆమె స్త్రీలను కూడగట్టుటకు ఎత్తుకొనిన సాధనము ఉయ్యాలపాట. సభలో ఉపన్యసించుచున్న వ్యక్తి యెదుట స్త్రీలు కొంగు కప్పుకొని వెనుక నిలుతురు. ఉయ్యాలపాట నెత్తుకొన్నంతనే ముందునకు వచ్చి అందుకొందురు. ఏలయన ‘ఉయ్యాలో’ యనుట వారికి తల్లి నేర్పిన విద్య. గడి ముందు భయముతో అందుకొనిన నోరే, ఇచ్చట ఇచ్ఛతో అందుకొనెను. పాట రూపము మాఱలేదు. అందుకొనుటలోని అర్థము మాఱినది. నా దృష్టిలో మన సీమ చరిత్రలో జరిగిన గొప్ప మార్పులలో ఇది యొకటి.

కోస్తా జిల్లాలలో 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావుగారు మొదలగువారి నాయకత్వమున వీధినాటకమును, బుఱ్ఱకథను, కోలాటమును ఈ పనికే వినియోగించెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున జన్మించిన షేక్ నాజరుగారు జంగము కథలనుండి వచ్చిన బుఱ్ఱకథకు క్రొత్త జవము తెచ్చిరి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు తెలంగాణ రైతుల గాథను ‘మా భూమి’ యను నాటకముగ వ్రాసిరి. దళములు దళములుగ నటులు ఊరూర దానిని ప్రదర్శించిరి. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. నాటకమును నిషేధించుట సులభము. దానికి పుస్తకము కలదు, రంగము కలదు, నటుల పేర్లు కలవు. నాట్లు వేయుచు నలువదిమంది స్త్రీలు అందుకొను పల్లవిని నిషేధించుట యెట్లు? మొదట ఎత్తుకొన్న వ్యక్తి యెవరో వెదకుచుండగనే పాట ప్రక్క మడికి పోవును.

ఇట్టిది మన సీమయందే జరిగినదని గర్వింపనక్కఱలేదు. చైనా దేశపు ఉత్తర భాగమున పల్లెలలో ‘యాంగ్‌గే’ యను ఆట కలదు. నాట్లపాట యని దాని యర్థము. జనము వరుసలు కట్టి డప్పులతో ఆడుచు పోవుదురు. 1942లో యెనాన్ నగరమున మావో కళలను గూర్చి ప్రసంగించిన పిమ్మట, అచ్చటి కళాకారులు ఈ యాటను చేపట్టి, 1943 వసంతోత్సవమున అన్నాచెల్లెండ్రు బంజరు భూమిని సాగు చేయు కథను ఆడిరి. మన గొల్లసుద్దులును, వారి యాంగ్‌గేయును ఇంచుమించు ఒకే కాలమున ఒకే పని చేసినవి. కాని అచ్చటి కథ అంతటితో ముగియలేదు. ఆ పక్షమే ప్రభుత్వమైన తరువాత, 1966లో ఆరంభమైన సాంస్కృతిక విప్లవ కాలమున, నాయకునిపై విధేయతను చూపు నాట్యమును జనమందఱును ఆడవలసివచ్చెను. ఆడనివానిని అనుమానింతురు. మన గడి ముందటి బతుకమ్మ యెట్టిదో అదియు నట్టిదే. దొర మాఱినంతనే వెట్టి పోదని ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

ఆ చైనా దేశమునందే ఈ మధ్యకాలమున మఱియొక ప్రయత్నము జరిగెను. ఐ వెయ్‌వెయ్ యను కళాకారుడు 1957లో జన్మించెను. ఆయన తండ్రి ఐ చింగ్ ప్రసిద్ధ కవి. ప్రభుత్వాగ్రహమునకు గురియై ఎడారి ప్రాంతమునకు పంపబడి మరుగుదొడ్లు కడుగు పని చేసెను. కుమారుడు 2007లో 1,001 మంది సామాన్య చైనీయులను జర్మనీలోని కాసెల్ నగరమునకు కొనిపోయి, వారి రాకయే తన కళాప్రదర్శనమని చెప్పెను. విన్నవారు కొందఱు నవ్విరి. కాని పల్లెటూరి రైతు విదేశమున నిలిచి చూచుట, అతనిని విదేశీయులు చూచుట, ఇందులో ప్రేక్షకుడెవడో చెప్పుట కష్టము.

అంతకంటె గంభీరమైనది ఆయన రెండవ పని. 2008 మే 12వ తేదీన సిచువాన్ ప్రాంతమున ఘోరమైన భూకంపము వచ్చెను. నాసిగా కట్టిన పాఠశాలలు కూలి వేలకొలది పిల్లలు మరణించిరి. చనిపోయిన పిల్లల పేర్లను ప్రకటింపుడని తల్లిదండ్రులు వేడుకొన్నను ప్రభుత్వము ప్రకటింపలేదు. అప్పుడు ఐ వెయ్‌వెయ్ స్వచ్ఛందముగ వచ్చినవారిని ఊరూరికి పంపి, ఇంటింట అడిగించి, అయిదువేలకు పైగా పేర్లు సేకరించెను. 2010లో ఆయన జనమును ఒక్క కోరిక కోరెను: మీలో ప్రతివారును ఒక పేరు చదివి, ఆ కంఠధ్వనిని పంపుడని. ఎచ్చటెచ్చటినుండియో కంఠములు వచ్చెను. వానినన్నిటిని కూర్పగా మూడు గంటలకు పైబడిన వినికిడి తయారయ్యెను. అందులో సంగీతము లేదు, కథ లేదు. పేర్లు మాత్రమే కలవు. ఒక్కొక్క పేరును ఒక్కొక్క అపరిచితుడు తన నోట పలికెను.

ఈ సంగతిని మీకు చెప్పుటకు కారణము కలదు. మన ఊళ్లలో నాటి పోరాటమున చనిపోయినవారి స్తూపములు కలవు. వానిపై పేర్లు చెక్కబడియున్నవి. రాతిపై పేరు నిలుచును గాని, చదువువాడు లేనిచో మూగయై యుండును. పాటకాండ్ర విషయమున రాయి యైనను లేదు. బండి యాదగిరి అను పోరాట కవి నైజామును ఎదిరించుచు ఒక పాట కట్టెను. 1980లో విడుదలయైన ‘మా భూమి’ చలనచిత్రమున గౌతమ్ ఘోష్ గారి దర్శకత్వమున గద్దరుగారు దానిని పాడగా దేశమంతట మ్రోగెను. ఆ పాట గద్దరుగారి రచనయే యని తలచినవారు నేటికిని కలరు. పాట బ్రతికినది, కట్టినవాని పేరు మఱుగున పడినది. యాదగిరి పేరైనను వెదకినవారికి దొరకినది. నాట్లలో చరణములు చేర్చిన కూలి స్త్రీల పేర్లు ఎవరికి తెలియును?

ఇది వంతతో కూడిన కళకు సహజముగనున్న లోపము. అందఱిదైన పాటలో ఒకరి పేరు నిలువదు. పూర్వము ఆ లోపమును ఊరి జ్ఞాపకము పూడ్చుచుండెను. ఈ పాట ఫలాని యవ్వ కట్టినదని పాడునప్పుడు చెప్పుకొనుచుండిరి. నేడు పాడువారు తగ్గిరి, యంత్రమే పాడుచున్నది. బతుకమ్మ చుట్టును స్త్రీలు తిరుగుచున్నను, పాట పెట్టెలోనుండి వచ్చుచున్నది. దానికి అందుకొనువారితో పని లేదు. జాతరలో గట్టెక్కువాడు ఒక చేత చరవాణిని ఎత్తి చిత్రము తీయుచున్నాడు. ‘ఓ లింగా’ యనుట మఱచుచున్నాడు. నన్నడిగినచో యంత్రముపై నాకు కోపము లేదు. ఈ రేడియోయును యంత్రమే గదా. ఇచ్చట కూర్చుండి నేను మాటలాడుచుండగా, మీరు నన్ను ఆపి, మా ఊరి సంగతి యేమని అడుగలేరు. వంతలేని ప్రసంగమిది. ఈ కొఱత నెఱిగియే, ఈ కొఱతను మీచేతనే తీర్పింపదలచి, ఒక విన్నపము చేయుచున్నాను.

మీ ఊరిలో ఎనుబది యేండ్లు దాటిన పాటగత్తెలు ఒకరిద్దఱైనను ఉందురు. పోరాటపు దినములలో వారు చిన్నపిల్లలై యుందురు. అయినను తల్లుల నోట విన్న చరణములు వారికి వచ్చును. చదువుకొనిన మీరు ఒక సాయంకాలము వారియొద్ద కూర్చుండి, ఆ చరణములను వ్రాసికొనుడు. ఎవరు కట్టిరో, ఏ పనిలో పాడిరో, ఎవరు అందుకొనిరో అడిగి వ్రాయుడు. గుర్తులేనిచో ఇంటిపేరైనను, వాడపేరైనను వ్రాయుడు. తరువాత స్తూపము యొద్దకు బడిపిల్లలను పిలిచి, ఒక్కొక్కనిచేత ఒక్కొక్క పేరును బిగ్గఱగా చదివింపుడు. ఇందులకు వేదిక వలదు, విరాళము వలదు, అతిథులు వలదు. రాదలచినవారే రావలెను, రానివారిని నిష్ఠురమాడరాదు. పిల్లడు పేరు చదివి ఊరకుండక, ఈయన ఎవరు, ఎందులకు చనిపోయెనని అడుగును. అడుగనిండు. వంతవాడు అడిగిన ప్రశ్నకు కథకుడు సమాధానము చెప్పితీరవలెనని మన బుఱ్ఱకథ నియమము. అచ్చట కథకులు మీరు.

సూర్యాపేట 2016లో వేఱు జిల్లా యైనది. కోదాడ దానిలో చేరినది. మిర్యాలగూడెము నల్లగొండలోనే నిలిచినది. జిల్లాల హద్దులు మాఱుచుండును. మునగాల హద్దు మాఱలేదా! పాట హద్దు మాత్రము అందుకొనువారు ఎంతవఱకుందురో అంతవఱకే. మీరు అందుకొనినచో అది మీ మనుమల వఱకు పోవును. సెలవు.